జింకు సల్ఫేట్ కలిపేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి చెయ్యాలా?

దాణా మేస్త్రి, గుంటూరు:
అందరికీ నమస్కారం. గుంటూరు శివార్లలో ఒక దాణా మిల్లులో మేస్త్రిగా చేస్తున్నాను. పోయిన నెల ముసురు పట్టినప్పుడు దాణాలో కలిపే జింకు సల్ఫేట్ బస్తా అడుగున పొడి గడ్డ కట్టింది. మాతో చేసే కుర్రాడు గోతం మీదే రోకలితో నాలుగు దెబ్బలేసి, మూతి విప్పి గమేళాలోకి వంచాడు. తెల్లటి పొడి గుప్పున లేచి ఎడమ కంట్లో పడింది. మెడలో తుండుగుడ్డ కొసతో కన్ను నలుపుకున్నాడు, ఆ గుడ్డకీ అదే పొడి. పది నిమిషాలకల్లా కన్ను తెరవలేకపోయాడు. కుళాయి చూస్తే మిల్లు వెనకాల ఎక్కడో ఉంది. మిక్సర్ పక్కన డ్రమ్ములో ఉన్నవి మొలాసిస్, అంటే చెరకు మడ్డి కలిపిన నీళ్లు. నల్లగుడ్డు మీద పుండు పడిందన్నారు కళ్ల డాక్టరు. 12 రోజులు పనికి రాలేదు. మా ఓనరు గారేమో "అది పోషకంరా, పురుగుమందేం కాదు" అన్నారు. నేనడిగేది ఒకటే. కళ్లద్దాలు, మాస్కు, గ్లౌజులు లేకుండా ఈ పొడి ముట్టుకోనివ్వకూడదని మిల్లుల్లో పద్ధతి పెట్టాలా, వద్దా?

వన్‌టౌన్ మిల్లు, విజయవాడ:
మేస్త్రి గారూ, కుర్రాడికి దెబ్బ తగిలినందుకు బాధగా ఉంది. కానీ మీ ఓనరు చెప్పింది తప్పు కాదు. పాతికేళ్లుగా మిల్లు నడుపుతున్నాను. పిల్లలకి విరేచనాలైతే డాక్టర్లు 14 రోజులు జింకు మాత్ర రాస్తారు, అదీ జింకు సల్ఫేటే. ఒకప్పుడు కంటి చుక్కల మందులో కూడా ఇదే ఉండేది, మా నాన్నగారు వాడారు. కంట్లో వేసుకున్న మందే కన్ను తీసేస్తుందా? మిర్చి యార్డులో హమాలీలు రోజంతా కారం ఘాటులోనే బతుకుతున్నారు, తుండుగుడ్డ తప్ప వాళ్లకేం ఉంది?

తెనాలి పాడి:
నిజమే, మా గేదెలు రోజూ తింటున్నాయి కదండీ.

పశువైద్యం, గన్నవరం:
మిల్లు గారూ, మాత్రలో ఉండేది 20 మిల్లీగ్రాముల జింకు. కంటి చుక్కల్లో ఉండేది 0.25 శాతం, అంటే లీటరు నీళ్లకి రెండున్నర గ్రాములు. మీ కుర్రాళ్లు వంచేది 25 కిలోల పచ్చి పొడి. తడి తగిలితే అది ఆమ్లంలా పనిచేస్తుంది, కంట్లో తడి ఎప్పుడూ ఉంటుంది. కారం మండించి, ఏడిపించి పోతుంది. ఇది నల్లగుడ్డు పైపొరనే దెబ్బతీస్తుంది, మచ్చ పడితే చూపు తగ్గిపోతుంది. జింకు సల్ఫేట్ భద్రతా పత్రంలో కంటికి తీవ్ర హాని అని ఉంటుంది, మింగితే హాని అనీ ఉంటుంది. అమ్మినవాళ్లని ఆ పత్రం అడిగి తీసుకోండి.

కంట్లో పడిన క్షణం నుంచే లెక్క. నలపకూడదు. రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని, పారే నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడగాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరాలి. మేస్త్రి గారు చెప్పినదాంట్లో నాకు అన్నిటికంటే బాధ అనిపించింది ఆ కుళాయి దూరమే.

ఆటోనగర్ వెల్డర్:
జింకు మామూలుది కాదన్నా. మా బావమరిది జింకు పూత ఉన్న జీఐ పైపులు వెల్డింగ్ చేసి ఇంటికెళ్లాక రాత్రికి చలిజ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీ పట్టేసింది. దాణాలో జింకు కలిపేవాళ్లందరికీ ఇదే జ్వరం వస్తుంది. పూర్తిగా ఆపేయాలి.

వన్‌టౌన్ మిల్లు, విజయవాడ:
వెల్డింగ్‌కీ దాణాకీ ముడిపెడితే ఇంక మాట్లాడేదేముంది?

పశువైద్యం, గన్నవరం:
తమ్ముడూ, ఆ జ్వరం జింకు కాగి పొగైనప్పుడు వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. చల్లటి పొడి కలిపితే రాదు. మీ బావమరిది మాత్రం గాలి ఆడేచోటే వెల్డింగ్ చెయ్యాలి, ముందు పైపు మీద పూత గీకేయాలి.

మంగళగిరి కోళ్లు:
యూరప్‌లో 2022లో జింకు ఆక్సైడ్‌ని నిషేధించారు కదా. మనకెందుకు ఈ గోల, అసలు జింకే మానేస్తే?

పశువైద్యం, గన్నవరం:
అక్కడ ఆపింది పంది పిల్లలకి విరేచనాల మందుగా కిలోకి 2500 మిల్లీగ్రాముల దాకా పెట్టే మోతాదుని. నేలలో పేరుకుపోతోందనీ, మందులకి లొంగని సూక్ష్మజీవులు పెరుగుతున్నాయనీ ఆపారు. పోషకంగా పెట్టే కొద్దిపాటి జింకు అక్కడ కూడా ఉంది. జింకు లేకపోతే గేదెకి గిట్టలు చెడతాయి, చర్మం మందమై పొరలూడుతుంది, కోడిపిల్ల ఎదగదు.

తెనాలి పాడి:
డాక్టరు గారూ, వరికి వేసిన జింకు అర బస్తా మిగిలింది ఇంట్లో. ఇంట్లోనే దాణా కలుపుకుంటాం, అందులో వెయ్యొచ్చా?

పశువైద్యం, గన్నవరం:
వద్దండీ. ఎరువుగా అమ్మే సరుకు పశువు తినడానికి తయారుచేసింది కాదు, సీసం, కాడ్మియం లాంటివి పాలల్లోకి, మాంసంలోకి చేరతాయేమోనని చూసి చేసింది కాదు. దాణాకని రాసి ఉన్నదే కొనండి. ఇంకో మాట, కొట్లో ఉత్తినే "జింకు" అని అడగొద్దు. ఎలుకల మందు జింకు ఫాస్ఫైడ్‌ని కూడా కొందరు జింకు అనే అంటారు. అది నల్లగా బూడిదరంగులో ఉంటుంది, గింజంత కడుపులోకి పోయినా విషవాయువు పుడుతుంది. పూర్తి పేరు చదివే తీసుకోండి.

దాణా మేస్త్రి, గుంటూరు:
మా తూకాల దగ్గర కూడా ఇదే తకరారు. టన్ను దాణాకి 80 గ్రాముల జింకు రావాలనుకోండి. జింకు 21 శాతం ఉన్న స్ఫటికాల సరుకైతే 380 గ్రాములు తూచాలి. 35 శాతం ఉన్న సన్నపొడైతే 230 చాలు. రెండూ తెల్లగానే ఉంటాయి. గోడ మీద పాత చీటీ చూసి కొత్త సరుకు 380 తూస్తే 80కి బదులు 130 గ్రాముల పైనే జింకు పడుతుంది. మా మిల్లులో ఆ చీటీ మూడేళ్లుగా మారలేదు. పైగా ఆ సన్నపొడే ఎక్కువ లేస్తుంది.

వన్‌టౌన్ మిల్లు, విజయవాడ:
తూకం మేస్త్రి పని. చీటీ మార్చాల్సింది మీరే.

దాణా మేస్త్రి, గుంటూరు:
సరుకు మార్చింది ఓనరు గారు. నాకు చెప్పలేదు.

వన్‌టౌన్ మిల్లు, విజయవాడ:
ఇప్పుడు అసలు మాటకొద్దాం. నేను అద్దాలు కొన్నాను. ఆరు జతలు. మా కూలీల ముఠా వాళ్లు వాటిని నొసటి మీదకి తోసుకుని పనిచేశారు, నెల తిరిగేసరికి రెండే మిగిలాయి. గ్లౌజులు ఇస్తే గోతం కుట్టు విప్పడానికి కుదరట్లేదని తీసి పడేశారు. ఎన్నిసార్లు చెప్పమంటారు?

దాణా మేస్త్రి, గుంటూరు:
ఏప్రిల్లో రేకుల షెడ్డు కింద మీరు ఒక్క గంట అద్దాలు పెట్టుకుని నిలబడండి సార్. చెమటకి మసకబారి గమేళా అంచు కనపడదు. బస్తాకింత అని లెక్కకట్టే కూలీ అద్దాలు తుడుచుకుంటూ కూర్చుంటే రాత్రికి బియ్యం ఎక్కణ్ణించి వస్తాయి? మిల్లులో ఇద్దరు అద్దాలేసుకుని జింకు, కాపర్ పొడులు మాత్రమే కలపాలి, వాళ్లకి బస్తా లెక్క కాకుండా రోజు కూలి ఇవ్వాలి. ముందుగా తవుట్లో జింకు కలిపిపెట్టుకుని, ఆ తవుడు మిక్సర్లో వేస్తే మిగతా వాళ్లకి అంత పొడి తగలదు. ఎంతవుతుంది సార్ దీనికి?

కైకలూరు చెరువు:
ఒక మనవి. మిక్సర్ కడిగిన నీళ్లు కాలవలోకి వదలకండి. జింకు సల్ఫేట్ చేపలకి చాలా విషం. ఒలికింది నీళ్లు కొట్టకుండా ఎత్తి, వాడుకోవడమో సంచిలో కట్టి పక్కన పెట్టడమో చెయ్యండి.

వన్‌టౌన్ మిల్లు, విజయవాడ:
మేస్త్రీ, నేను ఇంతసేపూ చెప్పనిది చెప్తున్నా. గోడ మీద "అద్దాలు లేకుండా ముట్టుకోరాదు" అని రాయిస్తే ఇది ప్రమాదమని నేనే ఒప్పుకున్నట్టు. రేపు ఎవడికి ఏం జరిగినా ఆ గోడ ఫొటో తీసి నా మీదకొస్తారు. పదేళ్ల కిందట ఒకతని వేలు బెల్టులో నలిగింది. ఆసుపత్రి ఖర్చు మొత్తం నేనే పెట్టుకున్నా. డబ్బిచ్చానంటే తప్పు నాదేనని ముఠా మొత్తం మూడ్రోజులు గేటు ముందు కూర్చుంది. అప్పటినుంచి ఏదీ రాతలో పెట్టను. పాలరైతులు వచ్చి చూసేచోట మాస్కులు, గ్లౌజులు కనిపిస్తే దాణాలో విషం కలుపుతున్నారంటారు, ఆ భయం వేరే.

దాణా మేస్త్రి, గుంటూరు:
ఇది చెప్పండి సార్. పొద్దున్నుంచి మాత్రలు, కంటి చుక్కలు ఎందుకు? జింకు పోషకమా కాదా అన్నది కాదు మన గొడవ. ప్రమాదమని ఒప్పుకుంటే డబ్బు కట్టాలి, అదీ. మా కుర్రాడికి కూడా మందుల చీటీకి ఇచ్చారు, 12 రోజుల కూలి ఇవ్వలేదు. ఇస్తే ఒప్పుకున్నట్టని మా ఓనరు గారూ ఇదే మాట అన్నారు. వాళ్లమ్మ నా దగ్గరకొచ్చి అడిగింది, "అయ్యా, వాడు నీ కిందే కదా చేసేది" అని. నేనేం చెప్పను?

బ్రాడీపేట వకీలు:
ఒక్క విషయం. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం దగ్గర్నుంచీ లెక్క మీరనుకునేదానికి ఎదురుగా ఉంది. కూలీ కాంట్రాక్టరు ద్వారా వచ్చినా అసలు యజమాని మీద బాధ్యత పడుతుంది. అదే సమయంలో, భద్రతా సాధనం ఇచ్చి, వాడమని స్పష్టంగా చెప్పి ఉంటే, కూలీ కావాలని తీసి పడేశాడని రుజువైతే, ప్రాణం పోవడం, శాశ్వతంగా పూర్తి వైకల్యం రావడం లాంటివి తప్ప మిగతా గాయాలకి యజమానికి రక్షణ ఉంది. మీ గోడ మీద రాత మిమ్మల్ని ఇరికించదు, కాపాడుతుంది. రాయించకపోవడమే మీకు చేటు.

వన్‌టౌన్ మిల్లు, విజయవాడ:
వకీలు గారూ, చట్టం కోర్టులో. గేటు ముందు కూర్చున్నప్పుడు ఏ చట్టమూ రాలేదు.

తెనాలి పాడి:
సార్, నేను దాణా కొనేవాణ్ణి. మాస్కు పెట్టుకుని కలిపితే అనుమానపడను. కలిపేవాడి కన్ను పోయిందని తెలిస్తే ఆ దాణా కొనడానికి మనసొప్పదు.

వన్‌టౌన్ మిల్లు, విజయవాడ:
కుళాయి మాట ఒప్పుకుంటున్నాను. మిక్సర్ పక్కకి పైపు లాగిస్తా, ఈ వారంలోనే. గడ్డల్ని గోతంలో పగలగొట్టొద్దని కూడా చెప్తా. తూకం చీటీ కొత్తది పెట్టిస్తా. కూలి మాట మాత్రం ఒప్పుకోను, అది నాకూ ముఠాకీ మధ్య.

దాణా మేస్త్రి, గుంటూరు:
మీ మిల్లులో కుళాయి వస్తే సంతోషం సార్. మా దగ్గర ఇంకా రాలేదు. కుర్రాడు నిన్న పనిలోకి వచ్చాడు. ఎండలోకి వస్తే ఎడమ కన్ను కారుతోంది, తుండుగుడ్డ పెట్టుకోవద్దంటే చొక్కా చేతితో అద్దుకుంటున్నాడు. వాణ్ణి నూనె చెక్క బస్తాల దగ్గర పెట్టాను. జింకు నేనే కలుపుతున్నా, ఆటోనగర్లో కొనుక్కున్న అద్దాలేసుకుని.