షాఖ్త్యోర్ కరగండా కూలిపోవడానికి కారణం అస్తానా డబ్బా, అకీమత్ (ప్రాంతీయ ప్రభుత్వం) డబ్బా?

గోల్‌పోస్ట్_గుంటూరు
కరగండా అంటే మనవాళ్లకు మెడిసిన్ సీట్లే గుర్తొస్తాయి. నేను అడిగేది ఆ బొగ్గుగనుల ఊరి ఫుట్‌బాల్ క్లబ్ షాఖ్త్యోర్ గురించి. 1958లో పుట్టింది. 2011, 2012లో వరుసగా కజఖ్‌స్తాన్ ఛాంపియన్. 2013 ఆగస్టు 20న ఛాంపియన్స్ లీగ్ ప్లేఆఫ్ మొదటి లెగ్‌లో, అంటే రెండు మ్యాచ్‌ల పోరులో మొదటిదాంట్లో, స్కాట్లాండ్ క్లబ్ సెల్టిక్‌ను 2-0తో కొట్టింది. రెండో లెగ్‌లో 3-0తో ఓడినా యూరప్ రెండో స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్ గ్రూప్ దశకు చేరింది. యూరప్ పోటీల్లో గ్రూప్ దశ ఆడిన మొదటి కజఖ్ క్లబ్ అదే. అలాంటి క్లబ్ 2024 సీజన్ ముగిసేసరికి ప్రీమియర్ లీగ్ నుంచే జారిపోయింది.

దీన్ని దెబ్బకొట్టింది రాజధాని క్లబ్బే అని నా వాదన. సమ్రుక్-కజినా అనే ప్రభుత్వ సంపద నిధి అండతో ఎఫ్‌సీ అస్తానా 2014 నుంచి 2019 దాకా వరుసగా ఆరు టైటిళ్లు పట్టుకుపోయింది. షాఖ్త్యోర్ మిడ్‌ఫీల్డ్‌ను మోసిన కొలంబియా ఆటగాడు రోజర్ కన్యాస్ 2014లో అస్తానాకు వెళ్లిపోయాడు. ప్రాంతీయ క్లబ్ కష్టపడి జట్టు కట్టుకోవడం, రాజధాని క్లబ్ వచ్చి ఎగరేసుకుపోవడం. ఇంత అన్యాయం జరుగుతుంటే లీగ్‌ను నడిపేవాళ్లు చూస్తూ కూర్చున్నారు.

ఓరుగల్లు_వింగర్
అన్నా, గా లెక్క 2019 దాకనే నడుస్తది. తర్వాత జూడు. 2020ల కైరాత్, 2021ల తొబొల్, 2022ల అస్తానా, 2023ల ఒర్దబాసీ, 2024ల మళ్ల కైరాత్. తొబొల్‌ది కొస్తనాయ్, ఒర్దబాసీది షిమ్‌కెంత్. రెండూ రాజధాని క్లబ్బులు కాదు. వాళ్లకు సాధ్యమైంది కరగండాకు ఎందుకు కాలే? ఆటగాళ్లను గుంజుకపోవుడు ప్రపంచంల ప్రతి లీగ్‌ల ఉన్నదే. పోయినోని జాగల ఇంకొకన్ని తయారు జేసుకోకపోవుడే అసలు రోగం.

లెక్కల_లక్ష్మి
మీరిద్దరూ టైటిళ్లు లెక్కపెడుతున్నారు. నేను కరెన్సీ లెక్క చెబుతాను. నా ఉద్దేశంలో అసలు దెబ్బ అక్కడే తగిలింది.

ముందు 2013 ఆదాయం. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా అప్పటి పట్టిక ప్రకారం ఛాంపియన్స్ లీగ్ ప్లేఆఫ్ ఆడినందుకు 21 లక్షల యూరోలు, యూరోపా లీగ్ గ్రూప్ దశకు చేరినందుకు 13 లక్షలు, గ్రూప్‌లో ఒక్కో డ్రాకు లక్ష. ఏజెడ్ అల్క్‌మార్, పావోక్, మక్కాబీ హైఫా ఉన్న గ్రూప్‌లో షాఖ్త్యోర్ రెండు డ్రాలు చేసుకుంది. అంటే తక్కువలో తక్కువ 36 లక్షల యూరోలు. ప్రాంతీయ క్లబ్‌కు అది చాలా పెద్ద మొత్తం.

ఇక ఖర్చు. విదేశీ ఆటగాళ్లు జీతాన్ని డాలర్లలోనో యూరోల్లోనో మాట్లాడుకుంటారు. క్లబ్‌కు డబ్బిచ్చే అకీమత్, అంటే ప్రాంతీయ ప్రభుత్వం, బడ్జెట్ వేసేది కజఖ్ కరెన్సీ తెంగేల్లో. 2014 ఫిబ్రవరి 11న కేంద్ర బ్యాంకు డాలర్‌ను సుమారు 155 తెంగేల నుంచి 185కు వదిలింది. 2015 ఆగస్టు 20న పట్టు పూర్తిగా వదిలేయడంతో 188 నుంచి ఒక్క రోజులో 255కు పోయింది. 2016 జనవరికి 380 దాకా వెళ్లింది. ఉదాహరణకు నెలకు 20,000 డాలర్ల ఒప్పందం తీసుకోండి. 2013లో అది 31 లక్షల తెంగేలు. 2014 ఫిబ్రవరి తర్వాత 37 లక్షలు. రెండేళ్లు తిరిగేసరికి 76 లక్షలు. ఆటగాడు వాడే, ఒప్పందం అదే, ఖర్చు మాత్రం రెట్టింపు దాటింది. అకీమత్ బడ్జెట్ రెట్టింపు కాదు కదా.

యూరప్ బహుమతి డబ్బు ఏటా వస్తుంటే ఈ దెబ్బ కాచుకోవచ్చు, ఎందుకంటే అది యూరోల్లో వస్తుంది. షాఖ్త్యోర్ 2013 కజఖ్‌స్తాన్ కప్ గెలిచి 2014లో మళ్లీ యూరోపా క్వాలిఫయింగ్‌కు వెళ్లింది, హైదుక్ స్ప్లిట్ చేతిలో ఆగిపోయింది. గ్రూప్ దశ స్థాయి యూరోలు అక్కడితో ఆగాయి. సరిగ్గా ఆ మధ్యలోనే తెంగే పడింది.

గోల్‌పోస్ట్_గుంటూరు
లక్ష్మి గారూ, తెంగే అస్తానాకూ పడింది, కైరాత్‌కూ పడింది. మరి వాళ్లు ఎందుకు మునగలేదు?

లెక్కల_లక్ష్మి
సమ్రుక్-కజినా కింద ఉన్నవి కజ్‌మునాయ్‌గ్యాస్, కజటామ్‌ప్రామ్ లాంటి సంస్థలు. చమురు, యురేనియం అమ్మేది డాలర్లలో. తెంగే పడితే తెంగేల్లో వాళ్ల రాబడి పెరుగుతుంది. కైరాత్‌ది ప్రైవేటు యజమాని డబ్బు. ప్రాంతీయ బడ్జెట్‌కు ఆ రెండు దారులూ లేవు. కాబట్టి మీరు చెప్పే తేడా నిజమే, కాకపోతే అది ఆటగాళ్లను లాక్కోవడంలో లేదు, డబ్బు ఏ కరెన్సీలో పుడుతుందన్న దాంట్లో ఉంది.

సెట్‌పీస్_సీతారాం
అందరూ 2013ను శిఖరం అంటున్నారు కాబట్టి ఒక మాట. అది ఎంతవరకు శిఖరం, ఎంతవరకు డ్రా (ఎవరికి ఎవరు తగులుతారో తేల్చే చీటీ) చలవ? 2009 నుంచి క్వాలిఫయింగ్‌లో ఛాంపియన్ల దారి వేరు చేశారు. చిన్న లీగ్‌ల ఛాంపియన్లు తమలో తామే ఆడుకుంటారు. అప్పట్లో ప్లేఆఫ్‌లో ఓడినవాళ్లు నేరుగా యూరోపా గ్రూప్‌లో పడేవాళ్లు. అంటే షాఖ్త్యోర్‌కు గ్రూప్ చోటు ఖాయమైంది సెల్టిక్ మ్యాచ్‌లో కాదు, దానికి ముందు మూడో రౌండ్‌లో అల్బేనియా క్లబ్ స్కెండెర్‌బెవును మొత్తం 5-3తో దాటినప్పుడు. ఆ రౌండ్‌లో ఓడి ఉంటే యూరోపా ప్లేఆఫ్‌లో ఇంకో జట్టును ఓడించాల్సి వచ్చేది.

ఓరుగల్లు_వింగర్
సీతారాం అన్నా, రెండో రౌండ్ ఎందుకు ఇడ్సిపెట్టినవ్? బెలారస్ క్లబ్ బాతె బరిసోవ్‌ను రెండు లెగ్‌లల్ల 1-0, 1-0తోని తీసేసిండ్రు. గా బాతె 2012 అక్టోబర్‌ల బయర్న్ మ్యూనిక్‌ను 3-1తోని కొట్టిన జట్టు. బయర్న్ గా సీజన్‌ల యూరప్ ఛాంపియన్. తొమ్మిది నెలలకే అదే బాతె మీద రెండు మ్యాచులల్ల ఒక్క గోల్ గూడ తినకుండ గెల్చుడంటే మామూలు ముచ్చట గాదు. డ్రా చలవ అని తీసేస్తే ఒప్పుకోను.

సెట్‌పీస్_సీతారాం
బాతె విషయంలో మీతో తగాదా లేదు. రెండూ శుద్ధమైన డిఫెన్స్ విజయాలు. నేనంటున్నది సెల్టిక్ మ్యాచ్‌కు ఇస్తున్న బరువు గురించి. మొదటి లెగ్ కరగండాలో జరగలేదు, 200 కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న అస్తానా అరెనాలో జరిగింది. 30,000 మంది పట్టే, కప్పు మూసుకునే, కృత్రిమ గడ్డి స్టేడియం. కజఖ్ లీగ్ మార్చి నుంచి నవంబర్ దాకా నడుస్తుంది కాబట్టి ఆగస్టులో షాఖ్త్యోర్ సీజన్ మధ్యలో ఉంది, సెల్టిక్ అప్పుడే మొదలెట్టింది. సెల్టిక్ ఊరు గ్లాస్గోకూ అక్కడికీ అప్పుడు ఐదు గంటల తేడా. 12వ నిమిషంలో ఫినోన్చెంకో, 77లో ఖిజ్నిచెంకో గోల్స్ కొట్టారు. మ్యాచ్‌కు ముందు గొర్రెను బలిచ్చారన్న వార్తకే లోకమంతా అతుక్కుపోయింది కానీ గడ్డి, ప్రయాణం, ఫిట్‌నెస్ చేసిన మేలు ఎక్కువ.

గ్లాస్గోలో జరిగిన రెండో లెగ్‌లో షాఖ్త్యోర్ ఒక్క గోల్ కొట్టి ఉంటే, లెక్క సమమైతే బయట ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టునే గెలిపించే అప్పటి అవే గోల్ నిబంధన ప్రకారం సెల్టిక్‌కు నాలుగు అవసరమయ్యేవి. విరామానికి ముందు 45లో కామన్స్, తిరిగి వచ్చిన వెంటనే 48లో సమరాస్ కొట్టారు. ఆట నాలుగు నిమిషాలు జరిగేలోపే రెండు లెగ్‌ల లెక్క సమం. 92లో ఫారెస్ట్ ముగించాడు. విరామం ముందూ వెనకా ఉండే ఆ పది నిమిషాలు బంతిని తమ దగ్గర ఉంచుకోగల మిడ్‌ఫీల్డ్ ఆ జట్టుకు లేదు. ఎదురుదాడికి కట్టిన జట్టు అది.

గోల్‌పోస్ట్_గుంటూరు
సొంత స్టేడియంలో ఆడించలేకపోవడం కూడా నా వాదనకే బలం. ఊరి జనం సొంత క్లబ్ చరిత్రలోకెల్లా పెద్ద మ్యాచ్ చూడ్డానికి వేరే ఊరికి పోవాల్సి వచ్చింది.

లెక్కల_లక్ష్మి
అది స్టేడియానికి పెట్టుబడి పెట్టని ప్రాంతీయ యాజమాన్యం మీదకు వెళ్లాల్సిన నింద, అస్తానా మీదకు కాదు.

అకీమత్ పద్ధతిలో ఇంకో చిక్కు క్యాలెండర్. బడ్జెట్ ఏడాది జనవరి నుంచి డిసెంబర్. వచ్చే ఏడాది ఎంత వస్తుందో తెలియదు కాబట్టి ఇలాంటి క్లబ్బులు ఏడాది ఒప్పందాలకే మొగ్గుతాయి. సీజన్ నవంబర్‌లో అయిపోగానే ఆటగాడు ఖాళీ. బాగా ఆడితే అమ్ముకోవడానికి క్లబ్ చేతిలో కాగితం ఉండదు.

జీతం ఆలస్యమైతే ఏం జరుగుతుందో చూడండి. రెండు నెలల జీతం బాకీ పడితే ఆటగాడు నోటీసు ఇచ్చి, 15 రోజుల గడువు తర్వాత న్యాయమైన కారణంతో ఒప్పందం తెంచుకోవచ్చు. ఫిఫా తీర్పు వచ్చాక 45 రోజుల్లో కట్టకపోతే కొత్త ఆటగాళ్ల నమోదు ఆగిపోతుంది, గరిష్ఠంగా మూడు బదిలీ విండోల దాకా. అప్పుడు మిగిలేది అనుభవం లేని కుర్రాళ్లు. ఓటములు, ఆ వెంటే స్పాన్సర్లు తప్పుకోవడం. పవ్‌లొదార్ క్లబ్ ఇర్తీష్ చూడండి. ఐదుసార్లు ఛాంపియన్, 2020లో డబ్బు లేక సీజన్ మధ్యలోనే లీగ్ నుంచి తప్పుకుంది. దాన్నెవరూ లాక్కుపోలేదు.

ఓరుగల్లు_వింగర్
గందుకే నేను అకాడమీ అంటున్న. కైరాత్ 2025 ఆగస్టుల రెండు లెగ్‌లు 0-0 ఆడి, పెనాల్టీల మీద అదే సెల్టిక్‌ను ఇంటికి పంపింది. మూడు పెనాల్టీలు ఆపిన గోలీ అనర్బెకోవ్ కజఖ్ పిలగాడే. దస్తాన్ సత్పాయెవ్‌ను చెల్సీ కొన్నది. కరగండా గూడ గట్ల పిల్లలను తయారు జేసి అమ్ముకుంటే అకీమత్ దిక్కు చూసుడు తప్పుతది.

లెక్కల_లక్ష్మి
అకాడమీ కావాలి, కానీ అది మొదటి ఒప్పందంతో ముడిపడాలి. ఆటగాడు ఖాళీగా వెళ్లిపోయి తర్వాత ఎక్కడో అమ్ముడైతే ఆ ధరలో శిక్షణనిచ్చిన క్లబ్‌కు దక్కేది ఫిఫా సంఘీభావ వాటా మాత్రమే. 12 నుంచి 15 ఏళ్ల మధ్య ఒక్కో ఏడాదికి బదిలీ ధరలో 0.25 శాతం, 16 నుంచి 23 మధ్య ఏడాదికి 0.5 శాతం. 12 నుంచి 18 దాకా కరగండాలోనే పెరిగిన కుర్రాడికి లెక్కేస్తే 2.5 శాతం. 10 లక్షల యూరోల బదిలీ మీద 25,000 యూరోలు. దాంతో అకాడమీ నడవదు. 17, 18 ఏళ్లకే మూడేళ్ల ఒప్పందం రాయించి, తామే అమ్మాలి. ఏడాది బడ్జెట్ మీద బతికే క్లబ్ ఆ మూడేళ్ల సంతకం ఏ ధైర్యంతో పెడుతుంది?

గోల్‌పోస్ట్_గుంటూరు
అకీమత్‌తోనే మూడేళ్ల నిధుల ఒప్పందం రాయించుకుని పెట్టాలి. దానికి అస్తానాలో ఎవరూ అడ్డుపడకపోతే అప్పుడు మీ మాట ఒప్పుకుంటాను.