జీన్స్ ప్యాంటులో ఆ బుల్లి జేబు ఎందుకు?

ప్రశ్న (అమలాపురం నుంచి)
మా అబ్బాయి జీన్స్ ప్యాంటు కుడి జేబులో రెండు వేళ్లు కూడా సరిగా పట్టని మరో జేబు ఉంది. అది చిల్లర కోసమని దుకాణంలో చెప్పారు గానీ, అందులో వేసిన రూపాయి బిళ్లను తీయడం కంటే దాన్ని వదులుకోవడమే సులువుగా ఉంది. జేబు మూలల్లోని రాగి రివెట్లు కూడా అలంకారానికేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (భీమవరం నుంచి)
అది గడియారం జేబండీ. ఆ ప్యాంట్లు పుట్టిన రోజుల్లో మగవారు గొలుసు గడియారాన్ని జేబులోనే ఉంచుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత చేతి గడియారాలు వ్యాపించినా జేబును మాత్రం ఎవరూ తీసివేయలేదు. రివెట్లు అలంకారం కావు. అమెరికాలోని రీనో పట్టణంలో జేకబ్ డేవిస్ అనే దర్జీని ఒక కూలీ భార్య తన భర్తకు చిరగని ప్యాంటు కుట్టిపెట్టమని అడిగితే, గుర్రాల దుప్పట్లకు పట్టీలు బిగించే రాగి రివెట్లను ఆయన జేబు మూలల్లో కొట్టి ఇచ్చారు. గిరాకీ పెరిగాక, పేటెంటు ఖర్చు భరించమని కోరుతూ, తనకు బట్ట అమ్మే శాన్ ఫ్రాన్సిస్కో వర్తకుడు లెవీ స్ట్రాస్‌కు ఉత్తరం రాశారు. 1873 మే 20న పేటెంటు వచ్చింది.

జవాబు (పాలకొల్లు నుంచి, టైలరును)
చెయ్యి పెట్టి తీసిన ప్రతిసారీ బలమంతా జేబు మూల మీదే పడుతుంది కనుక అక్కడే ముందు చిరుగుతుంది. మేము రివెట్టు కొట్టము. ఆ చోట మిషన్‌ను నాలుగైదుసార్లు ముందుకూ వెనక్కూ నడిపి కుట్టును గట్టిపరుస్తాము. ఇక చిన్న జేబు సంగతంటారా, పంచె బొడ్లో డబ్బు దోపుకోవడం అలవాటైన పెద్దవారు ప్యాంటు కుట్టించుకున్నప్పుడు నడుం పట్టీ లోపల దొంగ జేబు తప్పక పెట్టమంటారు. అవసరం ఉన్న జేబంటే నా దృష్టిలో అదే.

జవాబు (భీమవరం నుంచి)
ఒకప్పుడు వెనక జేబులకూ రివెట్లు ఉండేవి. కుర్చీలూ గుర్రపు జీనులూ గీసుకుపోతున్నాయని ఫిర్యాదులు రావడంతో 1937లో వాటిని బట్టతో కప్పివేశారు, తరువాత పూర్తిగా మానేశారు.

ప్రశ్న (అమలాపురం నుంచి)
ధన్యవాదాలండీ. మా వాడి ప్యాంటుకు ఒక రివెట్టు ఊడి, అక్కడ రంధ్రం పడింది. మళ్లీ కొట్టించవచ్చా?

జవాబు (పాలకొల్లు నుంచి, టైలరును)
నలిగిన బట్ట మీద కొట్టిస్తే రంధ్రం ఇంకా పెద్దదవుతుంది. లోపలివైపు మందపాటి బట్ట ముక్క వేయించి, దాని మీద కుట్టించండి.