బి.ఫార్మసీ తర్వాత బయటి దేశం: జీతంలో దేనిని దేనితో పోల్చాలి?

ప్రశ్న (తిరుపతి నుంచి)

అందరికీ నమస్కారం. నేను బి.ఫార్మసీ పూర్తి చేసి, మూడేళ్లుగా తిరుపతిలో ఒక మందుల దుకాణంలో రిజిస్టర్డ్ ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఉదయం తొమ్మిదిన్నరకు వెళితే రాత్రి తొమ్మిదిన్నరకు బయటపడతాను. ఆదివారం సెలవు. జీతం 14,000 రూపాయలు. రోజుకు పన్నెండు గంటలు, నెలకు ఇరవై ఆరు రోజులు లెక్కవేసుకుంటే గంటకు 45 రూపాయలు పడుతున్నట్టు.

అయితే నన్ను ఈ ప్రశ్న అడిగేలా చేసింది జీతం ఒక్కటే కాదు. గత నెల ఒక పెద్దావిడ కీళ్లవాతానికి రాయించుకున్న చీటీ తెచ్చారు. అందులో మెథోట్రెక్సేట్ మాత్ర రోజుకొకటి అని ఉంది. కీళ్లవాతానికి ఆ మందు వారానికి ఒక్కసారే వేసుకోవాలని, రోజూ వేసుకుంటే ఎముకల్లోని మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుందని ఫార్మసీ చదివిన ఎవరికైనా తెలుసు. నేను మందు ఇవ్వకుండా ఆపి, ఆవిడను కూర్చోబెట్టి, డాక్టరు గారి క్లినిక్‌కు ఫోన్ చేశాను. పొరపాటు నిజమేనని చెప్పి, చీటీ దిద్ది ఇచ్చారు. ఈ లోపల కౌంటరు ముందు పది మంది పోగయ్యారని, "రాసింది ఇవ్వడమే మన పని, డాక్టర్లకు నువ్వు పాఠాలు చెప్పొద్దు" అని యజమాని అందరి ముందూ నన్ను కోప్పడ్డారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు మా బావ దుబాయి రమ్మంటున్నారు, నాతో చదివిన అమ్మాయి ఇంగ్లండ్ రమ్మంటోంది, ఒక కన్సల్టెన్సీ వారు కెనడా అంటున్నారు. ముగ్గురూ చెప్పేది ఒక్కటే, అక్కడి జీతాన్ని రూపాయల్లోకి మార్చిన అంకె. మా నాన్నగారు పుత్తూరు దగ్గరున్న రెండెకరాల మామిడితోట తాకట్టు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. తోట మీద అప్పు తెచ్చే ముందు నేను తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి: ఆ జీతానికి ఎన్ని గంటలు నిలబడాలి, మొదటి జీతం చేతికి రావడానికి ఎన్నేళ్లు పడుతుంది, ఒక చీటీ తప్పుగా ఉన్నప్పుడు "ఇవ్వను" అనే హక్కు అక్కడ ఫార్మసిస్టుకు ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

సమాధానం 1 (చిత్తూరు నుంచి, దుబాయిలో ఏడేళ్లు చేసి వచ్చినవారు)

చెల్లెమ్మా, దుబాయి గురించి నేను చెప్పగలను. ఇంగ్లండ్, కెనడాలతో పోలిస్తే దారి చాలా దగ్గర. డేటాఫ్లో అనే పత్రాల తనిఖీ సంస్థ ద్వారా మన డిగ్రీ, రిజిస్ట్రేషన్, అనుభవ పత్రాలను సరిచూస్తారు, తర్వాత లైసెన్సు పరీక్ష ఒకటి ఉంటుంది. నాకు అన్నీ కలిపి తొమ్మిది నెలలు పట్టింది. ఆదాయపు పన్ను లేదు కాబట్టి చెప్పిన జీతం చెప్పినట్టు చేతికొస్తుంది.

నేను చేరినప్పుడు నెలకు 5,500 దిర్హమ్‌లు. ఆఫర్ లెటర్‌లో ఆ అంకె చూసి సంతకం పెట్టేశాను. దాని కింద చిన్న అక్షరాల్లో బేసిక్ 2,500, మిగతాది అలవెన్సులు అని ఉన్న సంగతి పట్టించుకోలేదు. అక్కడి కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగం వదిలేటప్పుడు మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం చొప్పున, ఆ తర్వాతి కాలానికి ఏడాదికి 30 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ ఇవ్వాలి, కానీ అది లెక్కగట్టేది బేసిక్ మీద మాత్రమే. అంటే మొదటి ఐదేళ్లకు ఏడాదికి 1,750 దిర్హమ్‌లు. మొత్తం జీతం మీద లెక్కించి ఉంటే 3,850 వచ్చేవి. ఏడేళ్ల తర్వాత ఈ తేడా ఎంత పెద్దదో నేను లెక్క సెటిల్ చేసుకునే రోజే తెలుసుకున్నాను. మీ బావగారు పంపే ఆఫర్‌లో మొట్టమొదట బేసిక్ ఎంతో చూడండి.

ఇక గంటలు. చట్టంలో రోజుకు ఎనిమిది, వారానికి 48 అని ఉంటుంది. నాకు ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు, మళ్లీ సాయంత్రం ఐదు నుంచి పదకొండు వరకు షిఫ్టు. మధ్యలో నాలుగు గంటలు ఖాళీ అని పేరే గానీ, ఎండలో గదికి వెళ్లి, వండుకుని, తిని, మళ్లీ బస్సు పట్టుకునే సరికి నడుం వాల్చే సమయం ఉండేది కాదు. పైగా నెలకు ఇన్ని విటమిన్ డబ్బాలు, ఇన్ని చర్మపు క్రీములు అమ్మాలని టార్గెట్ పెట్టేవారు. మీరడిగిన "ఇవ్వను" అనే హక్కు విషయంలో మాత్రం నాకు ఇబ్బంది రాలేదు. అక్కడ లైసెన్సు ఫార్మసిస్టు పేరు మీద ఉంటుంది, తనిఖీలు గట్టిగా జరుగుతాయి కాబట్టి చీటీ తేడాగా ఉందంటే యాజమాన్యం బలవంతపెట్టేది కాదు. నన్ను అలసిపోయేలా చేసింది మందుల పని కాదు, అమ్మకాల పని.

సౌదీ గురించి ఎవరైనా చెబితే ఒక విషయం గుర్తుంచుకోండి. 2025 జులై నుంచి అక్కడి బయటి ఫార్మసీలలో 35 శాతం, ఆసుపత్రి ఫార్మసీలలో 65 శాతం ఫార్మసిస్టులు సౌదీ పౌరులే అయి ఉండాలనే నియమం మొదలైంది. మనవాళ్లకు తలుపు మూసుకోలేదు గానీ, బాగా ఇరుకైంది.

సమాధానం 2 (ఇంగ్లండ్ నుంచి, సొంత ఊరు శ్రీకాళహస్తి)

మీరు రాసిన మెథోట్రెక్సేట్ సంగతి చదివి ఆగిపోయాను, ఎందుకంటే రెండేళ్ల కిందట సరిగ్గా అలాంటి చీటీయే నా బల్ల మీదికి వచ్చింది. ఇక్కడ మందు సంచిలోకి వెళ్లే ముందు ఫార్మసిస్టు చివరిసారి చూసి సంతకం పెట్టాలి. నేను ఆపి డాక్టరుకు ఫోన్ చేశాను. ఆమె ధన్యవాదాలు చెప్పి కొత్త చీటీ పంపారు. నేను ఆ సంఘటనను రికార్డులో రాశాను, నెలాఖరు సమావేశంలో మా పై అధికారి దాన్ని అందరికీ చదివి వినిపించారు. చేసింది మీరూ నేనూ ఒకే పని. ఇక్కడ ఆ పని ఉద్యోగంలో భాగంగా రాసి ఉంది.

కానీ ఇక్కడి దారి పొడవైనది, ఖరీదైనది. బయటి దేశాల ఫార్మసిస్టులు ముందు ఓస్పాప్ అనే ఏడాది కోర్సు చదవాలి. దానికి ఐఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ ఏడు రావాలి. తర్వాత 52 వారాల శిక్షణ, ఆపైన రిజిస్ట్రేషన్ పరీక్ష. ఆ పరీక్షకు మూడే అవకాశాలు. మూడూ పోతే పెట్టిన ఖర్చంతా పోయినట్టే. కోర్సు రుసుము, బస, వీసా కలిపి నాకు ఇరవై లక్షలు దాటింది. నాతో చదివిన ఇద్దరికి శిక్షణ స్థానం దొరకడానికే ఆరు నెలలు పట్టింది, ఆ కాలమంతా అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంది.

జీతం విషయానికొస్తే, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కొత్త ఫార్మసిస్టును బ్యాండ్ ఆరు అనే వేతన శ్రేణిలో పెడతారు. 2025–26లో ఇంగ్లండ్‌లో అది ఏడాదికి 38,682 పౌండ్లతో మొదలవుతుంది. వారానికి 37.5 గంటల పని కాబట్టి గంటకు 20 పౌండ్లకు కొంచెం తక్కువ. పన్ను, బీమా, పింఛను కోతలు పోగా నెలకు సుమారు 2,360 పౌండ్లు చేతికొస్తాయి. నేనుండే ఊళ్లో ఒక పడకగది ఇంటికి అద్దె తొమ్మిది వందలు. చలికాలంలో హీటింగ్ బిల్లు వేరే. మీ స్నేహితురాలు చెప్పిన అంకెను రూపాయల్లోకి మార్చే ముందు ఈ కోతలు తీసేయండి. ఏడాదికి 27 రోజుల సెలవు, దానిపైన ప్రభుత్వ సెలవులు ఉంటాయి, అవి అడుక్కోకుండా దొరుకుతాయి.

బయటి దుకాణాల్లో పరిస్థితి ఇంత సుఖంగా ఉండదు. నేను మొదట పనిచేసిన చోట రోజంతా నేనొక్కదాన్నే ఫార్మసిస్టుని. 2024 జనవరి 31న ఫార్మసీ ఫస్ట్ పథకం మొదలయ్యాక గొంతు నొప్పి, చెవి నొప్పి, మూత్రంలో మంట వంటి ఏడు సమస్యలకు డాక్టరు దగ్గరికి వెళ్లకుండా మా దగ్గరికే రావచ్చన్నారు. మా చదువుకు అది పెద్ద గౌరవం, నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. అయితే ఆ రోగిని గదిలో చూస్తున్నప్పుడు బయట చీటీలు పేరుకుపోయేవి, మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయని రోజులు ఎన్నో. ఆసుపత్రి ఉద్యోగం దొరకగానే జీతంలో పెద్ద తేడా లేకపోయినా మారిపోయాను.

సమాధానం 3 (కెనడా నుంచి)

కన్సల్టెన్సీ వారు మీకు చెప్పి ఉండని మాట ఒకటి చెబుతాను. కెనడాకు వచ్చిన రోజున మీరు ఫార్మసిస్టు కారు. పత్రాల పరిశీలన, అర్హత పరీక్ష, ఆపైన రెండు భాగాల క్వాలిఫయింగ్ పరీక్ష (రెండో భాగంలో నటులు రోగులుగా వచ్చి కూర్చుంటారు, వారితో మాట్లాడి చూపించాలి), ఆ తర్వాత రాష్ట్రం వారీ లైసెన్సు. ఈలోగా నేను ఒక ఫార్మసీలో అసిస్టెంటుగా అరలు సర్దుతూ రెండున్నరేళ్లు గడిపాను. లైసెన్సు వచ్చాక మాత్రం పని నిండుగా ఉంది. మా ఒంటారియోలో 2023 జనవరి నుంచి చిన్నపాటి జబ్బులకు ఫార్మసిస్టే మందు రాయవచ్చు, మొదట పదమూడు జబ్బులతో మొదలై అదే ఏడాది పంతొమ్మిదికి పెరిగాయి.

అమెరికా పేరు ఎవరైనా ఎత్తితే: 2003 తర్వాత చదివినవారికి అక్కడ కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు ఉండాలి. మీది నాలుగేళ్లది, పైన ఎం.ఫార్మసీ చేర్చినా ఆ లోటు తీరదు. ఆరేళ్ల ఫార్మ్.డి చదివినవారికే ఆ దారి. 2024 మే లెక్కల ప్రకారం అక్కడి ఫార్మసిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 1,37,480 డాలర్లు. నిజమే, అది చాలా పెద్ద జీతం. అంత జీతం తీసుకునేవారే 2023 సెప్టెంబరులో కాన్సస్ సిటీలో సిబ్బంది చాలడం లేదని, రోగుల భద్రతకే ముప్పు వస్తోందని పని ఆపేసి బయటికి వచ్చారు. పైగా 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు.

సమాధానం 4 (తిరుపతి, విశ్రాంత ప్రభుత్వ ఫార్మసిస్టు)

అమ్మా, నీ ప్రశ్నలో ఉన్న 14,000 నన్ను బాధించింది. ఇక్కడ జీతం ఎందుకు పెరగదో కూడా నీకు తెలియాలి. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం చీటీకి మందు ఇవ్వవలసింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. ఆ ఒక్క సెక్షన్ సరిగా అమలైతే ప్రతి దుకాణమూ నీలాంటివారిని బతిమాలి పెట్టుకోవాలి. కానీ మన పిల్లలే కొందరు సర్టిఫికెట్ అద్దెకు ఇస్తున్నారు. సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంది, మనిషి బెంగుళూరులో మరో ఉద్యోగం చేసుకుంటాడు, కౌంటరులో పదో తరగతి చదివిన కుర్రవాడు మందులిస్తాడు. నెలకు నాలుగైదు వేలకు సర్టిఫికెట్ దొరుకుతున్నప్పుడు పన్నెండు గంటలు నిలబడే మనిషికి ముప్పై వేలు ఎవరిస్తారు? నీ జీతాన్ని తగ్గించింది నీ యజమాని ఒక్కడే కాదు.

రెండో మాట. నువ్వు ఏ దేశం వెళ్లాలన్నా మన ఫార్మసీ కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ పత్రం, అంటే నీ మీద ఏ చర్యా లేదని తెలిపే పత్రం, అడుగుతారు. సర్టిఫికెట్ అద్దెకిచ్చిన దుకాణంలో తనిఖీ జరిగి కేసు అయితే ఆ పత్రం దగ్గరే ఆగిపోతావు. అలా ఆగిపోయిన పిల్లవాడిని నేను దగ్గరగా చూశాను.

ఇక్కడే ఉండే దారి కూడా పూర్తిగా మూసి లేదు. రైల్వేలో, ఇతర కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుకు ఏడో వేతన సంఘం లెవెల్ ఐదు ఇస్తున్నారు, మూలవేతనం 29,200, దానిపైన కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం. ఖాళీలు తక్కువ, పోటీ ఎక్కువ, అయినా రాయి. గల్ఫ్ వైపే వెళితే ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకు. ప్రభుత్వం వారికి అనుమతించిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ. లక్షల్లో అడిగేవాడు ఎవడైనా చట్టం దాటినవాడే.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన గారు రాసింది చదివి ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పోయిన వారమే వేరే దుకాణం వారు నా సర్టిఫికెట్ అడిగారు, "నువ్వు రానవసరం లేదు, నెలకు నాలుగు వేలు" అన్నారు. ఇంట్లో అమ్మ కూడా ఊరికే వచ్చే డబ్బు కదా అంది. నిన్న రాత్రి ఈ సమాధానాలన్నీ అమ్మకూ నాన్నకూ చదివి వినిపించాను. ఈ ఉదయం ఆ దుకాణానికి కుదరదని ఫోన్ చేసి చెప్పేశాను.

మామిడితోట జోలికి ఇప్పుడు వెళ్లడం లేదు. బావ పంపిన ఆఫర్‌లో మొత్తం 6,000 దిర్హమ్‌లు అని మాత్రమే ఉంది, బేసిక్ ఎంతో విడిగా రాసి పంపమని అడిగాను. జవాబు వచ్చేలోగా ఐఎల్‌టీఎస్‌కు చదవడం మొదలుపెడుతున్నాను. శ్రీకాళహస్తి అక్కా, మీకు శిక్షణ స్థానం ఎలా దొరికిందో, దరఖాస్తు ఎన్ని నెలల ముందు పెట్టారో వీలున్నప్పుడు రాస్తారా? రాత్రి పదింటి తర్వాతే నేను చూడగలను.