నరం అంటే ఏ నరం?

మా అమ్మకి పిక్కల మీద నీలం నరాలు మెలికలు తిరిగి ఉబ్బాయి. నరాలే కదా అని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. గంటన్నర కూర్చున్నాక ఆయన ఒక్క చూపు చూసి, "ఇవి నా నరాలు కావమ్మా, రక్తనాళాల డాక్టరుకి చూపించండి" అన్నారు. తప్పు నాదా, తెలుగుదా?

బడి పుస్తకంలో ఏ గొడవా లేదు. రక్తాన్ని గుండెకి తెచ్చేది సిర. మెదడుకీ వెన్నుపాముకీ ఒంటికీ మధ్య కబుర్లు మోసేది నాడి. ఇంట్లో రెండూ నరాలే. సెలైన్ పెట్టే నర్సు "నరం దొరకట్లేదు" అంటే సిర. "నరాల జబ్బు" అంటే నాడి. మెడ దగ్గర "నరం పట్టేసింది" అంటే చాలాసార్లు కండరం. గోడల మీద రాసే "నరాల బలహీనత" సంగతి వేరు, అది వదిలేద్దాం.

పోనీ నాడి అందామా అంటే, నాడి చూసేటప్పుడు మణికట్టు దగ్గర వేళ్లకి కొట్టుకునేది ధమని, అంటే గుండె నుంచి రక్తాన్ని తీసుకెళ్లేది!

జవాబు: తెలుగునొక్కదాన్నే అనకండి. తమిళంలో నరంబుదీ ఇదే కథ. పైగా యాళ్ వాద్యం తీగ కూడా నరంబే. గ్రీకులో న్యూరాన్ అంటే మొదట కండర బంధనం, వింటి నారి. పైకి చూస్తే అన్నీ తాళ్లే మరి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ అనే గ్రీకు వైద్యుడు శవాలను కోసి చూసి నాడుల్ని వేరుగా గుర్తించాడు. అంత శ్రమ పడితే గానీ తేలని తేడా మన వాడుక మాటలో ఎలా ఉంటుందండీ?

జవాబు: కోయకుండా తెలిసే చోటు ఒకటుంది. మోచెయ్యి లోపలివైపు తలుపుకి తగిలితే జిల్లుమంటుంది చూడండి, అది అచ్చమైన నాడి. అక్కడ ఎముక గాడిలో, దాదాపు చర్మం కిందే పోతుంది. ఆ నాడి వెళ్లేది చిటికెన వేలికీ ఉంగరం వేలికీ, అందుకే జిల్లు వాటికే పాకుతుంది, బొటనవేలికి రాదు.

ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. "ఉబ్బే నరం, జిల్లుమనే నరం అంటే సరిపోయేదిగా, ఆ గంటన్నర మిగిలేది" అంది.