అప్‌డేట్: అమ్మ నడుం నొప్పికి పరుపు కొన్నాం

అమ్మ నడుం నొప్పికి గట్టి కొబ్బరిపీచు పరుపా, మెమరీ ఫోమా అని అడిగాను కదండీ. చివరికి మరీ గట్టిగా, మరీ మెత్తగా లేని లేటెక్స్ పరుపు తీసుకున్నాం. ఎంత గట్టిగా ఉంటే నడుముకు అంత మంచిదని మా ఇంట్లో అందరి నమ్మకం. కానీ 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన స్పెయిన్ అధ్యయనంలో, దీర్ఘకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందిని 90 రోజులు గమనిస్తే, గట్టి పరుపు కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపు వాడినవాళ్లకే ఎక్కువ ఉపశమనం కలిగింది.

షాపులో అమ్మను పక్కకు తిరిగి కాసేపు పడుకోమన్నాం. అలా పడుకుంటే భుజం, తుంటి పరుపులోకి కొంచెం దిగాలి, వెన్ను వంగకూడదు. ఇప్పుడు పొద్దున్నే మంచం పట్టుకోకుండా లేస్తోంది, చాలా సంతోషంగా ఉంది! మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోమన్నవారికి అమ్మ తరఫున ప్రత్యేకంగా థ్యాంక్స్. కాలి తిమ్మిరి మాత్రం తగ్గలేదు. అది పరుపుతో పోయేది కాదు, ఈ వారమే ఎముకల డాక్టరుకు చూపిస్తున్నాం.