వానకీ ఎండకీ కొండకీ ఒకటే టైరు: ఏది వేయిద్దాం?

చంద్రగిరి_కోట
అన్నలూ అక్కలూ, నాది 150 సీసీ బండి. వెనక టైరు 31 వేల కిలోమీటర్లు తిరిగింది. నడిమధ్యన చెయ్యి పెడితే పలక మాదిరి నున్నగా ఉండాది. రోజూ చంద్రగిరి నుంచి రేణిగుంట పక్కన ఫ్యాక్టరీకి పోయి రావడం, రెండు వారాలకొకసారి చిత్తూరులో అత్తగారిల్లు, నెలకొకసారి అమ్మను వెనక కూర్చోబెట్టుకుని తిరుమల కొండకు. ఇదీ నా తిరుగుడు. అక్టోబర్ సగమైపోయింది. వానలు పట్టుకుంటే డిసెంబర్ దాకా వదలవు, ఆ తర్వాత మార్చి నుంచి ఎండ. ఒకే టైరుతో ఏడాదంతా నడవాల. అంగడికి పోతే ఆయన లావు బుడిపెల టైరు చూపించి "గాడి ఎంత లోతుంటే వానకు అంత పట్టు" అంటాడు. నిజమేనా?

రెండో_ఘాట్
కాదు తమ్ముడూ. ఆ బుడిపెల టైరు మట్టి దారికి. తారు మీద దానికి ఆనేది బుడిపెల కొనలే, మిగతాదంతా సందు. తడి రోడ్డు మీద పట్టు ఇచ్చేది నేలకు ఆనిన రబ్బరు. గాడి పని నీళ్లను పక్కకు తోసెయ్యడం వరకే. కారు టైరు పలకగా ఉంటాది, బండి టైరు గుండ్రంగా ఉంటాది కాబట్టి నీళ్లను సగం అదే చీల్చుకుని పోతాది. ఓ మోస్తరు గాడి చాలు.

వెనకది అరిగిందని చెప్పినావు సరే, ముందుది ఎప్పటిది? టైరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో చిన్న గడి ఉంటాది, అందులో 4 అంకెలు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. చూసి చెప్పు.

చంద్రగిరి_కోట
ముందుది 1421. అంటే 2021 ఏప్రిల్ అన్నమాట. బండితో వచ్చిందే. కానీ అన్నా, గాడి ఇంకా సగానికి పైనే ఉండాది.

రెండో_ఘాట్
నా కత కూడా అదే. 2021 నవంబర్, తిరుపతి మునిగిన వానలు గుర్తుండాయి గదా, రాయలచెరువు తెగుతుందేమోనని ఊర్లకు ఊర్లు భయపడిన రోజులు. దానికి ముందు వారం, చిన్న తుంపర. కొండ మీద నుంచి దిగతా ఉండా. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు, 36 మలుపులు. పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు అని టైం పెట్టి ఉండారు కాబట్టి స్పీడేం లేదు, ముప్పై ఉంటే జాస్తి. ఒక మలుపులో ముందు బ్రేకు తాకినానంతే, బండి కింద, నేను గోడ పక్కన. మోకాలు చిట్లింది, ఇంకేం కాలేదు, ఆయన దయ. ఇంటికొచ్చి చూస్తే టైరుకు గాడి నిండా ఉండాది. గోరు గుచ్చితే దిగలా. ఏడేళ్ల రబ్బరు, మన ఎండల్లో ఆరుబయట నిలబడి నిలబడి చెక్కయిపోయింది.

దిగేటప్పుడు బరువంతా ముందుకు పడతాది. వెనకది జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే చెప్పి జారదు.

తోతాపురి
మీరంతా వాన వాన అంటారు. జూన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల ముందర మామిడి ట్రాక్టర్ల వరస నిలబడినప్పుడు ఆ రోడ్డు మీద రండి ఒకసారి. చితికిన కాయల మీద ఏ కంపెనీ టైరూ నిలబడదు. పల్లెల్లోకి తిరిగితే ఉలవ కట్టె, రాగి కంకులు రోడ్డు మీద పరిచి ఉంటారు, మన చక్రాలతోనే నూర్పిడి. దాని మీద బ్రేకు వేసినోడు పడినట్టే. చిత్తూరు దగ్గర గ్రానైట్ కోసే యూనిట్ల కాడ తెల్ల బురద ఇంకోటి.

ఇంకో మాట. ఎండాకాలం అయినాక పడే మొదటి వాన ఉంటాది చూడు, మొదటి అరగంట. ఆరు నెలల దుమ్ము, లారీల డీజిలు, ఆయిలు అంతా పైకి తేలతాది. ఆ అరగంట ఏదో టీ అంగట్లో కూర్చుంటే టైరు డబ్బులు మిగిలినట్టే.

పాకాల_జంక్షన్
నేను పన్నెండేళ్లు టైరు అంగట్లో చేసినోడిని, ఇప్పుడు వేరే పని. ఒక్కొక్కటి చెప్తా.

నీది రెండు రకాల వాడకం, అందుకే తికమక. రేణిగుంట దారి నిటారుగా పోయేది, టైరు నడిమధ్యనే అరుగుతాది. అట్ల 31 వేలు అరిగిన టైరు గుండ్రం పోయి పలకైపోతాది. దాన్ని కొండ మలుపులో వంచితే ఆ పలక అంచు మీదికెక్కినప్పుడు బండి ఒక్కసారిగా పడిపోతున్నట్టు అనిపిస్తాది. నీకూ అనిపించే ఉంటాది, సస్పెన్షన్ పోయిందనుకుని ఉంటావు.

గాడి అడుగున అడ్డంగా చిన్న కట్ట ఉంటాది. అది ఏడుందో చూపించడానికి టైరు పక్కన చిన్న త్రికోణం. గాడి అరిగి ఆ కట్టకు సమానమైతే టైరు కత ముగిసినట్టే. నీ వెనకది ఎప్పుడో దాటేసి ఉంటాది.

ఇంక రబ్బరు. మెత్తని రబ్బరు తడిలో బాగా కరుచుకుంటాది, తొందరగా అరుగుతాది. గట్టిది నలభై వేలు వచ్చినా వస్తాది, తడి సిమెంటు రోడ్డు మీద మాత్రం గుండె దడ. వెనక చక్రానికి మధ్యలో గట్టిది, అంచుల్లో మెత్తనిది కలిపి చేసే రెండు రబ్బర్ల టైర్లు కొన్ని సైజుల్లో దొరుకుతాయి, నీ వాడకానికి సరిగ్గా అదే. నీ సైజులో లేకుంటే ముందర మెత్తనిది, వెనక ఓ మోస్తరుది. ముందుది ఎట్లా నిదానంగా అరుగుతాది కాబట్టి మెత్తనిది వేసినా నష్టం లేదు.

పేర్లు అడిగితే ఎం.ఆర్.ఎఫ్. జాపర్, సియట్ జూమ్, టీవీఎస్ యూరోగ్రిప్, మిషెలిన్ సిటీ వరస, ఏదైనా సరే. ఒకే కంపెనీలో కూడా మెత్తనివీ గట్టివీ రెండూ ఉంటాయి, కాబట్టి కంపెనీ పేరుతో కొట్లాడుకోవడం దండగ. తేదీ చూడు. మీ అంగట్లో ఎండ తగిలే చోట వేలాడదీసిన టైరు వద్దని చెప్పు, లోపల గోడౌన్‌లోది తెమ్మను.

పుంగనూరు_పొట్టి
లావు టైరు వేస్తే పట్టు పెరగదా అన్నా? నాకు 100 సైజు వచ్చింది, 120 వేయిద్దామని ఉండాది. చూడ్డానికి కూడా బాగుంటాది.

పాకాల_జంక్షన్
చూడ్డానికే. 100/90-17 అంటే 100 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 90 శాతం ఎత్తు, 17 అంగుళాల రిమ్ము. రిమ్ము వెడల్పు మారకుండా 120 ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి నడుమ ఉబ్బుతాది. నేలకు ఆనేది ఏమీ పెద్దగా పెరగదు. చైన్ కవర్‌కు ఒరుసుకోవచ్చు, మైలేజీ తగ్గుతాది. నేనే వేసినా చానామందికి, వద్దన్నా వినరు. ఆర్నెల్లకు పాత సైజు వెతుక్కుంటా వచ్చేవాళ్లు.

సైజు పక్కన ఉండే 57పి లాంటిది కూడా చూసుకో. 57 అంటే ఆ టైరు మోయగలిగేది 230 కిలోలు, పి అంటే గంటకు 150 వరకు. బండితో వచ్చినదాని కన్నా తక్కువ అంకె ఉండేది వేయించొద్దు.

స్కూటీ_టీచర్
బైకుల గోల మధ్యలో నాదొకటి. పుత్తూరు నుంచి రోజూ స్కూటరు మీద బడికి. నా చక్రాలు 10 అంగుళాలవి. మీరు గుంత అనుకోనిది కూడా నాకు బావే. రెండు నెలలకొకసారి పంచరు. ట్యూబ్‌లెస్సే, అయినా విసిగిపోయినా. చివరికి పంచరాయన చెప్పింది ఒకటే: "గాలి ఎప్పుడు పట్టినారు మేడం?" గుర్తు లేదు నాకు! అప్పటి నుంచి పది రోజులకొకసారి పడతా ఉండా. ఏడాదిలో ఒకే పంచరు, అదీ మేకు.

ఎండాకాలంలో మా స్టాఫ్‌రూములో మగవాళ్లంతా గాలి తగ్గించి పట్టిస్తారు, పేలిపోతాదంట. అది సరైనదేనా?

రెండో_ఘాట్
తప్పు మేడం. గాలి తక్కువైతే టైరు పక్కలు జాస్తిగా వంగి లేస్తా ఉంటాయి, ఆ వంగుడుకే వేడెక్కుతాది. పేలేది అందుకు. పది డిగ్రీలు వేడెక్కితే గాలి ఒత్తిడి ఒకటిన్నర పీఎస్ఐ (గాలి కొలిచే లెక్క) దాకా పెరగడం మామూలే, కంపెనీ వాళ్లు అది లెక్కేసే అంకె ఇచ్చింటారు. పొద్దున్నే, బండి తియ్యకముందు, చల్లగా ఉన్నప్పుడు కొలవాల. నా బండికి ముందర 25, వెనక 28, ఇద్దరు ఎక్కితే వెనక 32. మీ అంకె మీ బండి స్టిక్కర్ మీద ఉంటాది. చంద్రగిరి తమ్ముడూ, అమ్మతో కొండకు పోయేరోజు అలిపిరి ముందరే వెనకది పెంచుకో.

తోతాపురి
నైట్రోజన్ పట్టిస్తే ఆ గోలే ఉండదంట గదా.

పాకాల_జంక్షన్
మామూలు గాల్లోనే 78 శాతం నైట్రోజన్ ఉండాది సామీ, ఊరికే వచ్చేదానికి డబ్బులెందుకు. ఆ డబ్బుతో గాలి కొలిచే గేజి కొనుక్కో.

పుంగనూరు_పొట్టి
సత్యవేడు దగ్గర చిన్నపాండూరులో అపోలో ఫ్యాక్టరీ ఉండాది గదా, ఆడికే పోతే చౌకగా ఇస్తారా?

పాకాల_జంక్షన్
ఆడ కార్లవీ లారీలవీ చేస్తారు. గేటు దగ్గర వాచ్‌మెన్ నీకు మంచినీళ్లు ఇస్తాడు, టైరు ఇవ్వడు. జీఎస్టీ మాత్రం 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. పాత ధర చెప్తే బిల్లు అడగండి.

చంద్రగిరి_కోట
వేయించేసినా. ముందర మెత్తనిది, వెనక రెండు రబ్బర్లది దొరికింది, అదే సైజు. తేదీలు 2825, 3125. మొదట 2022ది తెచ్చినాడు, అంకెలు చూపించి వద్దంటే నా మొహం ఒకసారి చూసి లోపలికి పోయి ఇవి తెచ్చినాడు. కుర్రోడు ముందు టైరు మీద తిరిగే దిక్కు చూపించే బాణం గుర్తు తిరగేసి ఎక్కించబోయినాడు, పక్కనే నిలబడి ఉండా కాబట్టి సరిపోయింది. వాల్వు కూడా కొత్తది వేయించినా.

కొత్త టైరు మీద మెరుపు పోయేదాకా, నూటయాభై కిలోమీటర్లు నిదానంగా పొమ్మన్నారు, పోతా ఉండా. మలుపులో ఆ పడిపోయినట్టుండేది లేదు ఇప్పుడు. నాలుగు వేలు పెట్టి ఫోర్క్ (ముందు సస్పెన్షన్) పని చేయిద్దామనుకున్నా ముందు, చెప్పడానికి సిగ్గుగా ఉండాది.

ఒకటి మాత్రం. నా పాత ముందు టైరు చూసి అంగడాయన "గాడి బాగుండాదే, నాకిచ్చేయ్, మూడొందలు తగ్గిస్తా" అన్నాడు. గోరు గుచ్చి చూసినా, దిగలా. బండికి కట్టుకుని ఇంటికి తెచ్చేసినా.

రెండో_ఘాట్
మంచి పని. ఇప్పుడు ఏం చేస్తావు దాన్ని?

చంద్రగిరి_కోట
మా అన్న కొడుకు కట్టె పట్టుకుని వీధంతా దొర్లిస్తా ఉండాడు.