ఇందిరాగాంధీ పోయిన రోజు: మనవాళ్ళ జ్ఞాపకాల్లో తప్పులుంటే దిద్దాలా, చెప్పినవి చెప్పినట్టే అచ్చు వేయాలా?

మంజీర ఒడ్డు:

మా ఊరి హైస్కూల్ పాత విద్యార్థులం కలిసి ఒక చిన్న పుస్తకం వేస్తున్నాం. ఊరు పాత మెదక్ జిల్లాలో, ముంబై హైవేకి దగ్గర. పుస్తకంలో ఒక భాగం మొత్తం 1984 అక్టోబర్ 31 గురించే. 1980లో ఇందిరాగాంధీ రాయబరేలీలోనూ మెదక్‌లోనూ గెలిచి, రాయబరేలీ వదులుకుని మెదక్ ఉంచుకున్నారు. అంటే ఆ రోజు మాకు ప్రధానితో పాటు మా ఎంపీ కూడా పోయినట్టు. అరవై దాటిన వాళ్ళ దగ్గర కూర్చుని, వార్త ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు, అప్పుడేం చేస్తున్నారు అని అడిగి ఫోన్లో రికార్డ్ చేస్తున్నాం.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, చెప్పేవాటిలో కొన్ని జరగడానికే వీల్లేదు. ఒక పెద్దాయన ఆ పొద్దున పొలం పోయే ముందు సర్పంచ్ ఇంట్లో టీవీలో చూశానంటారు. కాల్పులు జరిగిందే తొమ్మిది దాటాక. ఆకాశవాణి మరణవార్తను అధికారికంగా చెప్పింది సాయంత్రం ఆరు ప్రాంతంలో. దూరదర్శన్‌లో సల్మా సుల్తాన్ చదివింది కూడా సాయంత్రమే. ఇంకొక పెద్దావిడ, "ఆ యేడు దీపావళికి టపాకాయలు కాల్చలేదు, ఇందిరమ్మ పోయిందని మా నాన్న తీసి అటక మీద పడేశాడు" అంటారు. ఆ యేడు దీపావళి వారం ముందే అయిపోయింది.

మా కమిటీలో ఒకరు తప్పులు దిద్దేద్దామంటారు, ఒకరు అలాంటివి అసలు వేయొద్దంటారు. నాకు ఉన్నదున్నట్టు వేయాలనుంది. మీరేమంటారు?

లైబ్రరీ పురుగు:

వేయకండి. పుస్తకంలో ఎక్కిన మాటకి మన దగ్గర ఉండే విలువ మీకు తెలియంది కాదు. పదేళ్ళ తర్వాత ఎవరో ఎంఏ విద్యార్థి మీ పుస్తకం పట్టుకుని "మెదక్ గ్రామాలకు వార్త ఉదయమే చేరింది" అని రాస్తాడు. ఇంకొకడు దాన్ని చూపించి ఇంకొకటి రాస్తాడు. పెద్దాయన మీద గౌరవం ఉంటే శాలువా కప్పండి. అబద్ధాన్ని అచ్చు వేయడం గౌరవం కాదు.

మనసు లెక్కలు:

"అబద్ధం" అన్న మాట ఇక్కడ సరిపోదండి. దీని మీద మనస్తత్వ శాస్త్రంలో బోలెడు పని జరిగింది. కెన్నెడీ హత్య లాంటి వార్తలు విన్న క్షణం ఫొటో తీసినట్టు మనసులో ఉండిపోతుందని 1977లో బ్రౌన్, కులిక్ అనే ఇద్దరు రాశారు. ఫ్లాష్‌బల్బ్ మెమరీ అన్న పేరు వాళ్ళు పెట్టిందే. తర్వాత ఉల్రిక్ నైసర్ దాన్ని పరీక్షకు పెట్టాడు. 1986లో చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన మర్నాడే అమెరికాలో కాలేజీ పిల్లలతో, వార్త ఎక్కడ విన్నారో రాయించి దాచాడు. రెండున్నరేళ్ళు దాటాక మళ్ళీ అడిగితే నాలుగోవంతు మంది చెప్పింది మొదట రాసినదానితో ఏ ఒక్క విషయంలోనూ కలవలేదు. అయినా చెప్పేటప్పుడు చాలామందికి ఏ అనుమానమూ లేదు.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత డ్యూక్ యూనివర్సిటీలో ఇంకొక పని చేశారు. దాడి వార్త విన్న జ్ఞాపకం ఒకటి, అదే రోజుల్లో జరిగిన మామూలు సంగతి ఒకటి, రెండూ మర్నాడే రాయించారు. నెలలు గడిచేకొద్దీ రెండూ ఒకేలా చెరిగిపోయాయి. కానీ దాడి జ్ఞాపకం మీద నమ్మకం మాత్రం తగ్గలేదు. మీ పెద్దాయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన బల్లగుద్ది చెబుతున్నాడు కాబట్టి నిజమేనని కూడా అనుకోకండి.

లైబ్రరీ పురుగు:

నేను చెప్పిందే మీరు శాస్త్రం కలిపి చెప్పారు. వేయకూడదనేగా?

మనసు లెక్కలు:

కాదు. నైసర్ సొంత కథ వినండి. 1941లో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగినప్పుడు ఆయన పిల్లవాడు. రేడియోలో బేస్‌బాల్ ఆట వింటుంటే మధ్యలో ఆపి వార్త చెప్పారని ఆయన జ్ఞాపకం. చాలా ఏళ్ళకు తట్టింది, డిసెంబర్‌లో బేస్‌బాల్ ఉండదని. తర్వాత వేరే పరిశోధకులు చూస్తే, ఆ రోజు రేడియోలో ఒక ఫుట్‌బాల్ ఆట వచ్చింది. ఆడిన జట్ల పేర్లు బేస్‌బాల్ జట్ల పేర్లే! జ్ఞాపకం తప్పే, అయితే గాల్లోంచి పుట్టింది కాదు. ఆ తప్పును మీరు ముందే కొట్టేస్తే దాని వెనక ఉన్నది ఎవరికీ దొరకదు.

ట్రాన్సిస్టర్:

నాకు అరవై ఎనిమిది. అప్పుడు హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం. శాస్త్రం సంగతి నాకు తెలియదు గానీ టీవీ సంగతి చెబుతాను బాబూ.

దూరదర్శన్‌కి ఆ రోజుల్లో ఉదయం ప్రసారాలే లేవు. అవి 1987లో మొదలయ్యాయి. కాబట్టి అక్టోబర్ 31 పొద్దున ఎవరూ టీవీలో ఏమీ చూడలేదు. అయితే మర్నాటి నుంచి తీన్‌మూర్తి భవన్‌లో ఉంచిన భౌతికకాయాన్నీ, 3న అంత్యక్రియలనూ ప్రత్యేకంగా చూపించారు. టీవీ ఉన్న ఇల్లు తిరునాళ్ళే. గడప దగ్గర, కిటికీ దగ్గర, ఎక్కడ చోటుంటే అక్కడ జనం. మీ పెద్దాయన పొలం మానుకుని చూసింది అదే అయ్యుంటుంది. చూసినమాట నిజం, రోజు మారింది.

ఇక వార్త తెలిసిన తీరు. మధ్యాహ్నానికే బీబీసీ చెప్పేసింది. మన రేడియో కాల్పులు జరిగాయనడం దగ్గరే ఆగింది. బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్‌గాంధీ కూడా ట్రాన్సిస్టర్‌లో బీబీసీ పెట్టుకునే విన్నాడని తర్వాత చదివాం. మా ఆఫీసులో సగం మంది పోయిందనీ, సగం మంది ఆపరేషన్ జరుగుతోందనీ వాదన. అధికారికంగా చెప్పకముందే షట్టర్లు దించేశారు. ఆ తర్వాత రేడియోలో పాటలు బంద్, సారంగి ఒకటే. ఏ వాయిద్యం అని మాత్రం నన్ను నిలదీయకండి.

కాలవగట్టు:

టపాకాయల ఆవిడది కోస్తా వైపా? మా కృష్ణా జిల్లాలో దీపావళికి మిగిలినవి నాగుల చవితికి కాలుస్తారు. అప్పటికీ మిగిలితే పిల్లలు కార్తీక పౌర్ణమికి దాచుకునేవాళ్ళు. 84లో పౌర్ణమి నవంబర్ 8న వచ్చింది. సంతాప దినాల్లో టపాకాయలేంటని ఆ నాన్న అటకెక్కించి ఉంటాడు. నాలుగు దశాబ్దాల్లో పౌర్ణమి కాస్తా దీపావళి అయి కూర్చుంది.

మంజీర ఒడ్డు:

పుట్టిల్లు తెనాలి దగ్గరేనండి! ఇది మాకు తట్టనే లేదు. ఇక్కడ నాగుల చవితికి టపాకాయలు కాల్చడం చూడలేదు.

కాలవగట్టు:

సంతోషం. కానీ మీకు నచ్చని మాట ఒకటి. రోజులూ గంటలూ మారడం చిన్న తప్పు. పెద్దది మీరు పట్టుకోవడం లేదు. మీ పుస్తకంలో ఎంతమంది "ఆ రోజు ఊరంతా ఏడ్చింది" అన్నారు?

ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేశాడు. ఊరూరా జనం రోడ్డెక్కారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ బర్తరఫ్ వెనక ఢిల్లీ ఉందని మా వైపు తిట్టని ఇల్లు లేదు. నెలన్నర తిరక్కుండానే ఆమె పోయింది. ఆ నెలన్నర ఎవరి జ్ఞాపకంలోనూ కనిపించదు. ఇప్పుడు ఎవరిని అడిగినా అన్నం ముట్టలేదనే అంటారు.

ఇంకొకటి. డిసెంబర్ ఎన్నికల్లో దేశమంతా సానుభూతి గాలి వీచి కాంగ్రెస్‌కి నాలుగు వందలకు పైగా సీట్లొచ్చాయి. మన రాష్ట్రంలో 42కి 30 తెలుగుదేశానికి పోయాయి. 1980లో జైపాల్‌రెడ్డి మీద ఆమె భారీ మెజారిటీతో గెలిచిన మెదక్ కూడా తెలుగుదేశమే గెలిచింది. ఊరంతా ఏడిస్తే ఆ ఓట్లు ఎవరు వేశారు?

మంజీర ఒడ్డు:

ఏడ్చినవాళ్ళే వేసుంటారు. చావుకి ఏడవడం వేరు, ఓటు వేరు. మా మేనమామ తెలుగుదేశం కార్యకర్త. ఆ రోజు ఆయన ఏడ్చాడని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది, డిసెంబర్‌లో సైకిల్ గుర్తు జెండా పట్టుకుని తిరిగిందీ ఆయనే. ఇక్కడ ఆమెను "ఇందిరమ్మ" అనే పిలిచేవాళ్ళు, తిట్టేవాళ్ళు కూడా.

లైబ్రరీ పురుగు:

మీ అమ్మగారు చెబుతున్నారు. మేనమామ కాదు.

ఢిల్లీ తెలుగు:

ఇంతసేపూ ఓపిగ్గా చదివాను. నాన్నగారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, మేం అప్పుడు ఢిల్లీలో ఉండేవాళ్ళం. వార్త ఎక్కడ విన్నానో నాకు గుర్తులేదు. నవంబర్ 1, 2 మాత్రం గుర్తున్నాయి. మా క్వార్టర్స్ డాబా మీంచి చూస్తే రెండు మూడు వైపులా పొగ. కింది వాటా సర్దార్జీ గారి గుమ్మం మీద పేరు పలకను మా నాన్నగారు స్క్రూడ్రైవర్‌తో ఊడదీశారు.

ఆమెను కాల్చింది సిక్కు అంగరక్షకులని సిక్కులందరి మీదా పడ్డారు. ఆ మూడు నాలుగు రోజుల్లో ఒక్క ఢిల్లీలోనే 2,733 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. త్రిలోక్‌పురి లాంటి చోట్ల ఇళ్ళలోంచి లాగి చంపారు, రైళ్ళలోంచి దించి చంపారు. నలభై ఏళ్ళుగా ఎవరిని కదిపినా అక్టోబర్ 31న స్కూల్ ఎలా వదిలేశారో, బస్సుల్లేక ఎంత దూరం నడిచారో చెబుతారు. నవంబర్ 1న ఎక్కడున్నారో ఒక్కరూ చెప్పరు. ఆ తేదీ అంటే మనకు రాష్ట్రావతరణ దినమే గుర్తొస్తుంది. జాతీయ విషాదం అని మీరు దేన్ని అంటున్నారు? ఒక మనిషి చావునా, ఆ వారాన్నా? మీరు ఒక్క తేదీ అడుగుతున్నారు కాబట్టి ఒక్క తేదీకే జవాబులొస్తున్నాయి. పెద్దాయన టీవీ తప్పు కన్నా ఇది పెద్ద తప్పు.

కాలవగట్టు:

ఇది ఒక ఊరి స్కూల్ పుస్తకం. ఢిల్లీ అల్లర్లు వాళ్ళ చేత ఎందుకు చెప్పించాలి? వాళ్ళు చూడలేదు కదా.

ఢిల్లీ తెలుగు:

కాల్పులూ చూడలేదు. అయినా దాని గురించే పుస్తకం వేస్తున్నారు. ఊరు ముంబై హైవే పక్కన అన్నారు. ఆ దారిలో సిక్కు లారీ డ్రైవర్లు, పంజాబీ ధాబాలు ఉండేవి కావా? పక్కనే బీదర్, అక్కడ నానక్ ఝిరా గురుద్వారా. ఆ వారం వాళ్ళేమయ్యారని మీ పెద్దవాళ్ళను ఒక్కసారి అడగండి.

మనసు లెక్కలు:

ఇది న్యాయమైన ప్రశ్న. ఒక్క క్షణంలో తెలిసిపోయే వార్తకే "నేనెక్కడున్నాను" అన్న జ్ఞాపకం బాగా అంటుకుంటుంది. నెల దాటగానే, డిసెంబర్ 2 రాత్రి భోపాల్‌లో గ్యాస్ లీకై వేల మంది పోయారు. ఆ వార్త ఎక్కడ విన్నారో మీ వాళ్ళను అడగండి, చాలామంది తడుముకుంటారు. అది ఒక్క దెబ్బలో రాలేదు. రోజుకో అంకె చొప్పున పెరుగుతూ వచ్చింది. 1977 దివిసీమ ఉప్పెన కూడా అంతే. అక్కడివాళ్ళకు నవంబర్ 19 ఎప్పటికీ మరిచిపోలేని రాత్రి, మిగతా రాష్ట్రానికి పేపర్లో వచ్చిన ఫొటోలు.

ట్రాన్సిస్టర్:

సికింద్రాబాద్‌లో మా వీధి చివర స్పేర్ పార్ట్స్ షాపు సర్దార్జీ కొన్నాళ్ళు కొట్టు తెరవలేదు. తెరిచాక ఏమైందని మేమెవరమూ అడగలేదు. ఈ సంగతి ఇప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

మంజీర ఒడ్డు:

నిన్నా ఇవాళా మళ్ళీ తిరిగాం. తేదీ చెప్పకుండా "ఆ వారం హైవే మీద ఎట్లుండె?" అని అడిగాం. ముందు ఎవరికీ ఏమీ గుర్తు రాలేదు. తర్వాత ఒకాయన, రోడ్డు మీద ఒక ధాబా ఉండేదనీ, దాన్ని నడిపే సర్దార్జీనీ ఇద్దరు డ్రైవర్లనూ ఊళ్ళో తమ ఇంటి వెనక పశువుల కొట్టంలో మూడు రాత్రులు దాచామనీ చెప్పారు. ఆ మాట బయటికి రాగానే ఇంకో రెండు కుటుంబాలు "మా ఇంట్లోనే దాచాం" అంటున్నాయి! ఇది పుస్తకంలో అన్నిటికన్నా ముందు వేయాలని కమిటీ అంతా ఒక్కమాట మీదకొచ్చింది.

లైబ్రరీ పురుగు:

ఇప్పుడు అసలు పరీక్ష. టీవీ తప్పు వల్ల ఎవరికీ నష్టం లేదు, లాభమూ లేదు. దీనివల్ల మీ ఊరికి మంచిపేరు వస్తుంది. అలాంటి జ్ఞాపకాన్నే అందరికన్నా గట్టిగా నిలదీయాలి. ఎక్కడ గొడవ జరిగినా తర్వాత అడిగితే ఊరంతా దాచినవాళ్ళే ఉంటారు, తరిమినవాళ్ళు ఒక్కరూ దొరకరు. నిన్నటిదాకా ఎవరికీ గుర్తులేనిది ఇవాళ మూడు ఇళ్ళలో ఎలా గుర్తొచ్చింది?

ఢిల్లీ తెలుగు:

ఈ విషయంలో నేను లైబ్రరీ పురుగు గారి వైపే. మా నాన్నగారి స్క్రూడ్రైవర్ సంగతి కూడా కింది వాటా వాళ్ళు చెబితేనే నమ్మండి.

కాలవగట్టు:

అందరినీ అనుమానిస్తూ పోతే పుస్తకం కాదు, పోలీసు పంచనామా అవుతుంది. పాపం ఆ ముసలాయన ఏం లాభం ఆశించి చెప్పుంటాడు? నేనైతే ఆయన మాట వేసి, కింద చిన్న అక్షరాల్లో మిగతా రెండు ఇళ్ళ మాటా వేస్తాను.

మంజీర ఒడ్డు:

టీవీ పెద్దాయన మాటనూ టపాకాయల ఆవిడ మాటనూ చెప్పినట్టే వేసి, పక్క పేజీలో ఆ నాలుగైదు రోజుల తేదీలూ ప్రసారాల వేళలూ పెడతాం. దిద్దం. ధాబా సంగతి మాత్రం ఆపాం. ఆ సర్దార్జీ కుటుంబం తర్వాత బీదర్ వెళ్ళిపోయిందని ఇద్దరు ముగ్గురు చెబుతున్నారు. కొడుకు అక్కడే ఉన్నాడట. ఆదివారం వెళ్తున్నాం.

లైబ్రరీ పురుగు:

మంచిది. ఒక్కటి గుర్తుంచుకోండి. దాచిన కథ మీరు ముందుగా ఎత్తొద్దు. ఇంటికొచ్చి మీ ఊరు మంచిదని మీరే చెప్పుకుంటే, మొహమాటానికైనా ఆయన అవునంటాడు. దాచామంటున్న వాళ్ళెవరినీ కార్లో వెంట తీసుకెళ్ళకండి.